ఆర్కిటిక్ తీరపు పల్లెల పాత టోపోషీట్లు (నేల రూపం, ఊళ్లు, నీళ్లు చూపే సర్వే మ్యాపులు): వెతకడం, చదవడం, నేటి తీరంతో పోల్చడం ఎలా?

"అలాస్కా ఉత్తర తీరంలో ఊళ్లను సముద్రం కోసేస్తోందంటున్నారు కదా, పాత మ్యాపు పెట్టి అది మనమే చూసుకోవచ్చా?" జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల పని) నేర్చుకుంటున్నవాళ్లు, అమెరికాలో ఎంఎస్ చేస్తూ ప్రాజెక్టుకు ఆర్కిటిక్ ఎంచుకున్నవాళ్లు ఈ ప్రశ్న తరచూ అడుగుతున్నారు. చూసుకోవచ్చు, దానికి డబ్బు కూడా పెట్టక్కర్లేదు. కాకపోతే పాత మ్యాపును కొత్త ఉపగ్రహ చిత్రం మీద పెట్టగానే కనిపించే తేడా అంతా కోత కాదు. అందులో కొంత డేటమ్ (అక్షాంశ రేఖాంశాలను లెక్కగట్టే ఆధారం) తేడా, కొంత గీత మందం, కొంత మ్యాపు మీది ఏడాదిని తప్పుగా చదవడం. వాటిని విడదీసి మిగిలినదాన్నే కోతగా లెక్కగట్టాలి. ఈ వ్యాసం పని అదే.

ఉదాహరణకు అలాస్కానే తీసుకుంటున్నాను. అక్కడి పాత షీట్లన్నీ స్కాన్ చేసి ఉచితంగా ఇస్తున్నారు, పైగా ఊళ్ల కథ బాగా నమోదై ఉంది.

కావలసినవి

- క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపు సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్. ఎనిమిది జీబీ ర్యామ్ ఉంటే ఇబ్బంది ఉండదు.
- అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ వాళ్ల 'టోపోవ్యూ' వెబ్‌సైటు. 1884 నుంచి 2006 వరకు అచ్చయిన షీట్లు ఇక్కడ ఉన్నాయి. లాగిన్ అక్కర్లేదు.
- నేటి తీరం కోసం సెంటినల్-2 చిత్రం. కోపర్నికస్ బ్రౌజర్‌లో ఉచితం, ఒక పిక్సెల్ 10 మీటర్లు.
- ఒక నోటు పుస్తకం. ప్రతి షీటు మార్జిన్‌లో ఉన్న వివరాలను చేత్తో రాసుకోండి. ఈ అలవాటు తర్వాత చాలా టెన్షన్ తప్పిస్తుంది.

కంప్యూటర్ దగ్గర లేకపోతే టోపోవ్యూని ఫోన్‌లోనే తెరిచి, పాత షీటును పలచగా చేసి కిందనున్న నేటి మ్యాపుతో పోల్చి చూడొచ్చు. కేఎంజెడ్ ఫైలు దించుకుని గూగుల్ ఎర్త్‌లో పెట్టినా సరే. ఊరు ఎటు జరిగిందో తెలియడానికి ఇది చాలు, మీటర్లలో కొలవడానికి మాత్రం చాలదు.

1. ముందు ఊరు పేరు సంగతి తేల్చుకోండి

పాత షీట్ల మీద ఉన్నవి ఆనాటి అధికారిక పేర్లు. మీరు ఇప్పటి వార్తల్లో చూసే 'ఉట్కియాగ్విక్' 2016 డిసెంబరు దాకా 'బారో'. షీట్ల మీద బారో అనే ఉంటుంది. పాయింట్ హోప్‌ను అక్కడి మూలవాసులైన ఇన్యూపియాట్ ప్రజలు టికిగాక్ అంటారు. కాక్టోవిక్ ఊరు ఉన్నది బార్టర్ దీవి మీద కాబట్టి షీటు పేరు 'బార్టర్ ఐలాండ్'. పేరుతో వెతికితే దొరకలేదని వదిలేయకండి. అక్షాంశ రేఖాంశాలు పట్టుకుని మ్యాపు మీద ఆ చోట క్లిక్ చేస్తే ఆ చోటును కప్పే షీట్లన్నీ వస్తాయి.

అలాస్కా షీట్లకు పేరు పెట్టే పద్ధతి ఒకసారి తెలిస్తే చాలు. 1:250,000 స్కేలు షీటుకు ఒక పేరు ఉంటుంది. దాన్ని ముక్కలు చేసి 1:63,360 షీట్లు వేశారు, అంటే అంగుళానికి మైలు. ఆ ముక్కలకు ఏ, బీ, సీ, డీ అక్షరాలు దక్షిణం నుంచి ఉత్తరానికి, అంకెలు తూర్పు నుంచి పడమరకు పెరుగుతాయి. 'బారో బీ-4' అన్నది అలాంటి పేరే. అంకెలు మన అలవాటుకు ఎదురుగా నడుస్తాయి కాబట్టి పక్క షీటు దించుకునేటప్పుడు చాలామంది తప్పు ముక్క తెచ్చుకుంటారు.

ఊరు షీటు అంచున పడిందేమో చూసుకోండి. తీరంలో ఇది తరచుగా జరుగుతుంది. అలాగైతే పక్క షీటు కూడా కావాలి.

2. స్కేలు ఎంచుకోవడం

1:63,360 షీటు ఉంటే అదే తీసుకోండి. కారణం షిష్మారెఫ్ చూస్తే తెలుస్తుంది. ఆ ఊరు సరిచెఫ్ అనే సన్నటి ఇసుక దీవి మీద ఉంది. దీవి వెడల్పు సుమారు పావు మైలు, అంటే 400 మీటర్లు. 1:63,360 షీటు మీద ఆ వెడల్పు 6 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. 1:250,000 మీద ఒకటిన్నర మిల్లీమీటరు. ఒకటిన్నర మిల్లీమీటరులో రెండు ఒడ్ల నీలి గీతలూ, మధ్యలో ఊరి గుర్తులూ ఇరికించి ఉంటాయి. దాని మీద కోత కొలవడం కుదరదు. 1:250,000 లాంటి చిన్న స్కేలు షీటును ఊరి చుట్టుపక్కల నేల అర్థం చేసుకోవడానికి వాడండి.

టోపోవ్యూలో జియోటిఫ్ (స్థాన సమాచారంతో కూడిన బొమ్మ ఫైలు), జియోపీడీఎఫ్, కేఎంజెడ్, జేపెగ్ దొరుకుతాయి. జియోటిఫ్ దించుకోండి. జేపెగ్‌లో స్థాన సమాచారం ఉండదు. ఒకే షీటుకు నాలుగైదు ముద్రణలుంటే అన్నీ దించుకోండి.

3. మార్జిన్ చదవండి, తర్వాతే మ్యాపు

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. మార్జిన్ అడ్డంగా ఉందని ముందే కత్తిరించేస్తారు. కత్తిరించని కాపీ ఒకటి తప్పకుండా ఉంచుకోండి. మార్జిన్‌లో మీకు కావలసినవి:

*ఏడాది.* ఒక షీటుకు ఒకటి కాదు, చాలా ఏళ్లుంటాయి. విమానం నుంచి ఫొటోలు తీసిన ఏడాది, మ్యాపు మీద వేసిన ఏడాది, నేల మీద సరిచూసిన ఏడాది, సవరించిన ఏడాది, అచ్చు వేసిన ఏడాది. తీరరేఖ ఏ ఏటిదంటే ఫొటోలు తీసిన ఏటిది. కింద ఎడమ మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది. అలాస్కా షీట్లలో చాలావాటి మీద 1950ల ఫొటోల నుంచి తయారైనట్టు, నేల మీద సరిచూడనట్టు కూడా రాసి ఉంటుంది.

దీని ప్రభావం ఎంతో ఒక ఊహాజనిత లెక్కతో చూడండి. ఫొటోలు 1955లో తీశారు, అచ్చు 1973లో వేశారు, మీ ఉపగ్రహ చిత్రం 2024ది. తీరం 90 మీటర్లు వెనక్కి జరిగినట్టు కొలిచారు. 1955 నుంచి లెక్కిస్తే 69 ఏళ్లకు ఏడాదికి 1.3 మీటర్లు. 1973 అనుకుంటే 51 ఏళ్లకు దాదాపు 1.8 మీటర్లు. కొలత ఒకటే అయినా ఏడాది తప్పు చదివినందుకు కోత వేగం మూడో వంతుకు పైగా పెరిగిపోయింది.

*ఊదా రంగు.* కొన్ని షీట్ల మీద రోడ్లు, రన్‌వేలు, ఇళ్లు ఊదా రంగులో కనిపిస్తాయి. అవి తర్వాతి ఫొటోల ఆధారంగా చేర్చినవి. నలుపు ఒక కాలానిది, ఊదా మరో కాలానిది. రెండింటినీ ఒకే ఏటికి కట్టకండి.

*డేటమ్, జోన్.* పాత షీట్ల మీద ఉత్తర అమెరికా 1927 డేటమ్ అని ఉంటుంది. క్యూజీఐఎస్‌లో దాని పేరు న్యాడ్ 27. యూటీఎం జోన్ (భూమిని నిలువు పట్టీలుగా విడదీసిన పద్ధతిలో ఆ పట్టీ సంఖ్య) కూడా రాసుకోండి. షిష్మారెఫ్, కివలీనా, పాయింట్ హోప్ మూడూ జోన్ 3లో వస్తాయి. బారో జోన్ 4.

*కాంటూర్ అంతరం.* ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల మధ్య ఎత్తు తేడా ఇది. అడుగుల్లో ఉంటుంది, మీటర్లలో కాదు. ఈ ఊళ్లు చాలావరకు మొదటి కాంటూర్ కంటే కిందే ఉంటాయి కాబట్టి ఊరి ఎత్తు షీటు నుంచి తెలియదు. మొదటి గీత 50 అడుగులది అయినంతమాత్రాన ఊరు 50 అడుగుల దగ్గర ఉందని రాయకండి.

*తీరరేఖ నిర్వచనం.* షీటు మీది తీరరేఖ సగటు పోటు నీటిమట్టానికి సుమారు గీత. ఉపగ్రహ చిత్రంలో కనిపించేది ఆ క్షణంలో నీళ్లు ఉన్న చోటు. అలాస్కా వాయవ్యాన ఉన్న చుక్చి సముద్రంలో ఆటుపోట్లు చిన్నవే కానీ, గాలి తోసే నీటితో మట్టం బాగా మారుతుంది. తుఫాను మర్నాటి చిత్రం వాడితే లేని కోత కనిపిస్తుంది.

4. క్యూజీఐఎస్‌లో తెరవడం

జియోటిఫ్‌ను లాగి పడేయండి. లేయర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఇన్ఫర్మేషన్ చూడండి. న్యాడ్ 27 ఆధారిత ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి) కనిపించాలి. తర్వాత ప్రాజెక్టు సీఆర్‌ఎస్‌ను (స్థానాలను లెక్కించే పద్ధతిని) ఉపగ్రహ చిత్రాలు వాడే డేటమ్ అయిన డబ్ల్యూజీఎస్ 84, యూటీఎం జోన్ 3 ఉత్తరానికి మార్చండి. కోడ్ ఈపీఎస్‌జీ 32603. బారోకైతే 32604.

ఈ మార్పిడి సమయంలో క్యూజీఐఎస్ ఒక పెట్టె తెరిచి ఏ ట్రాన్స్‌ఫర్మేషన్ వాడాలో అడుగుతుంది. కంగారుపడి ఓకే నొక్కేయకండి. అలాస్కాకు విడిగా ఒక గ్రిడ్ ఫైలు (డేటమ్ తేడాను చోటుచోటుకూ ఇచ్చే ఫైలు) ఉంది, పేరులో 'అలాస్కా' అని కనిపిస్తుంది. అది మీ కంప్యూటర్లో లేకపోతే డౌన్‌లోడ్ చేసుకోమంటుంది, చేసుకోండి. గ్రిడ్ లేకుండా ముందుకెళ్తే ఉజ్జాయింపు మార్పిడి వాడుతుంది, పదుల మీటర్లలో తప్పు వస్తుంది. అసలు మార్పిడే చేయకపోతే అలాస్కాలో తేడా వంద మీటర్లు దాటిపోవచ్చు. మీరు వెతుకుతున్న కోత కంటే అది పెద్దది కావచ్చు.

ఇక్కడే మరో పొరపాటు. షీటు జరిగినట్టు కనిపించగానే 'సెట్ లేయర్ సీఆర్‌ఎస్' నొక్కి న్యాడ్ 27ను డబ్ల్యూజీఎస్ 84గా మార్చేస్తారు. దానివల్ల లేబుల్ మారుతుందే తప్ప డేటా జరగదు. డేటాను నిజంగా మార్చాలంటే 'వార్ప్' వాడాలి.

5. స్కాన్ మాత్రమే దొరికితే

లైబ్రరీ స్కాను, పాత నివేదికలోని మడత మ్యాపు లాంటివి మీరే జియోరిఫరెన్స్ చేయాలి, అంటే బొమ్మను దాని అసలు స్థానానికి కట్టాలి. ఉదాహరణకు ఎర్నెస్ట్ లెఫింగ్‌వెల్ అనే అన్వేషకుడు 1906–1914 మధ్య ఫ్లాక్స్‌మన్ దీవి కేంద్రంగా ఉండి ఉత్తర తీరాన్ని మ్యాపు చేశాడు. ఆయన నివేదికను యూఎస్‌జీఎస్ 1919లో అచ్చు వేసింది. విమాన ఫొటోలు లేని రోజుల్లో, కుక్కల బండి మీద, చిన్న పడవ మీద తిరిగి చేసిన పని అది. 1950ల షీట్ల కంటే వెనక్కి వెళ్లాలంటే ఇలాంటివే ఆధారం.

జియోరిఫరెన్సర్ తెరిచి, మ్యాపు మూలల్లోనూ లోపలా అచ్చైన అక్షాంశ రేఖాంశ గుర్తుల మీద పాయింట్లు పెట్టండి. కనీసం తొమ్మిది ఉంటే మంచిది. రేఖాంశం పశ్చిమం కాబట్టి మైనస్ గుర్తు తప్పనిసరి. 166 డిగ్రీల 4 నిమిషాల 19 సెకన్ల పశ్చిమం అంటే -166.0719. మైనస్ మరిచిపోతే షిష్మారెఫ్ రష్యా వైపుకు వెళ్లిపోతుంది.

చెరువు మూల, ఏటి నోరు, ఇసుక కొస లాంటివాటిని కంట్రోల్ పాయింట్లుగా (మ్యాపును కట్టే ఆధార బిందువులుగా) వాడకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. ఆర్కిటిక్ తీర మైదానంలో నేల ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉంటుంది. ఆ గడ్డ కరిగిన చోట చెరువులు పుడతాయి, పెరుగుతాయి, ఒక్కసారిగా ఖాళీ కూడా అవుతాయి. మారేదాన్ని ఆధారం చేసుకుని మార్పును కొలవలేం.

ట్రాన్స్‌ఫర్మేషన్‌గా, మ్యాపు మొత్తాన్నీ ఒకే తీరున జరిపే పాలినోమియల్ 1 వాడండి. 'థిన్ ప్లేట్ స్ప్లైన్' ఎంచుకుంటే రెసిడ్యువల్స్ (పెట్టిన పాయింట్ల దగ్గర మిగిలే తేడాలు) అన్నీ సున్నాకు వచ్చి సంతోషం కలుగుతుంది. నిజానికి అది మీ తప్పుల్ని మ్యాపును సాగదీసి దాచేస్తుంది. 600 డీపీఐ స్కానులో 1:63,360 షీటుకు ఒక పిక్సెల్ అంటే సుమారు 2.7 మీటర్లు. రెసిడ్యువల్ ఐదు పిక్సెల్స్ లోపు ఉంటే తీసుకోవచ్చు. ఒకే పాయింట్ దగ్గర ఇరవై వస్తే అంకె తప్పు టైపు చేసి ఉంటారు, ముందు అది చూడండి.

6. నేటి చిత్రం ఎంచుకోవడం

జూలై చివరి నుంచి సెప్టెంబరు వరకు తీసినవే వెతకండి. మిగతా కాలంలో ఒడ్డుకు అతుక్కున్న సముద్రపు మంచు ఏదో, నేల ఏదో తెలియదు. మేఘం లేని రోజు దొరకడం కష్టమే, రెండు మూడు ఏళ్ల చిత్రాలు వెతకాల్సి రావచ్చు. వీలైతే ఒకే వేసవిలో రెండు తేదీలవి తీసుకోండి. రెండింటి తీరరేఖల మధ్య తేడా ఎంతుందో చూస్తే నీటిమట్టం వల్ల వచ్చే అటూఇటూ ఎంతో మీకే తెలుస్తుంది.

మధ్య కాలానికి 1978–1986 నాటి అలాస్కా హై ఆల్టిట్యూడ్ ఫొటోలు యూఎస్‌జీఎస్ 'ఎర్త్ ఎక్స్‌ప్లోరర్'లో ఉన్నాయి, ఉచిత లాగిన్‌తో దొరుకుతాయి. 1955కూ 2024కూ మధ్య ఒక్క మెట్టయినా ఉంటే కోత ఒకే వేగంతో సాగిందా, ఈమధ్య పెరిగిందా అన్నది చెప్పగలుగుతారు.

7. తీరరేఖ గీయడం, కొలవడం

కొత్త జియోప్యాకేజ్ లైన్ లేయర్‌ను ఈపీఎస్‌జీ 32603లో తయారుచేయండి. రెండు తీరాలనూ ఒకే జూమ్‌లో, 1:5,000 దగ్గర, ఒకే మనిషి గీయాలి. నీలి గీత 0.2 మిల్లీమీటర్ల మందమున్నా నేల మీద దాదాపు 13 మీటర్లు. కాబట్టి గీత మధ్యలో గీస్తారో, సముద్రం వైపు అంచున గీస్తారో ముందే నిర్ణయించుకుని చివరిదాకా అదే పాటించండి.

తర్వాత తీరానికి లంబంగా, వంద మీటర్లకు ఒకటి చొప్పున గీతలు వేసి ఒక్కో గీత మీద తేడా కొలవండి. ఒకే చోట కొలిచి ఊరంతటికీ అంటగట్టకండి.

కొలిచేటప్పుడు ప్రాజెక్టు వెబ్ మెర్కేటర్‌లో (ఆన్‌లైన్ మ్యాపులు వాడే ప్రొజెక్షన్) లేదని నిర్ధారించుకోండి. ఆన్‌లైన్ బేస్‌మ్యాపు పెట్టగానే క్యూజీఐఎస్ దానికి మారిపోవచ్చు. ఆ ప్రొజెక్షన్‌లో కార్టీసియన్ పద్ధతిలో, అంటే చదునైన కాగితం మీదలా కొలిస్తే షిష్మారెఫ్ దగ్గర పొడవులు రెండున్నర రెట్లు, బారో దగ్గర మూడు రెట్లకు పైగా పెరిగి కనిపిస్తాయి. విస్తీర్ణమైతే ఆరు నుంచి దాదాపు పది రెట్లు. హైదరాబాద్ డేటాతో పని నేర్చుకున్నవాళ్లకు ఇది తట్టదు. అక్కడ పొడవులో అదే తప్పు సుమారు ఐదు శాతమే కాబట్టి కంట్లో పడదు.

8. ఫలితం నిజమేనా? సరిచూసుకోండి

మొదటి పరీక్ష: తీరం వదిలేసి లోతట్టుకు వెళ్లండి. రాతి కొండ శిఖరం, గట్టి లోయ మలుపు లాంటివి రెండు మూడు చూడండి. అవి కూడా తీరమంతే, అదే దిక్కుకు జరిగి ఉంటే మీరు చూస్తున్నది కోత కాదు, డేటమ్ తప్పు. నాలుగో మెట్టుకు వెనక్కి వెళ్లండి.

ఈ పరీక్ష ఇసుక దీవుల దగ్గర మరీ అవసరం. దీవికి సముద్రం వైపు ఒడ్డూ, లగూన్ (దీవికీ ప్రధాన నేలకూ మధ్యనున్న నీళ్లు) వైపు ఒడ్డూ రెండూ ఒకే దిక్కుకు జరిగితే రెండు కారణాలుండొచ్చు. ఒకటి డేటమ్ తప్పు. రెండోది, దీవే నిజంగా జరగడం. తుఫాను అలలు ముందు ఒడ్డు ఇసుకను దీవి మీదుగా వెనక్కి పడేస్తాయి, అలా దీవి మొత్తం నేల వైపు దొర్లుతుంది. తీరం మాత్రమే చూస్తే రెండింటికీ తేడా తెలియదు. లోతట్టు కొండ కదలకుండా ఉండి దీవి జరిగితేనే రెండోది.

రెండో పరీక్ష: తప్పు ఎంతో లెక్కగట్టండి. అమెరికా మ్యాపు ప్రమాణాల ప్రకారం 1:20,000 కంటే చిన్న స్కేలు షీటు మీద పరీక్షించిన పాయింట్లలో 90 శాతం అంగుళంలో యాభయ్యో వంతు లోపు సరిగ్గా ఉండాలి. 1:63,360కు అది నేల మీద 32 మీటర్లు. ఉపగ్రహ చిత్రానికి 10, గీయడంలో 10 అనుకుని మూడింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 35 మీటర్లు వస్తుంది. అంటే మీ 90 మీటర్లను "90, అటూఇటూ 35" అని రాయాలి. 25 మీటర్ల తేడా వస్తే "ఈ షీటుతో చెప్పలేం" అని రాయండి. అది కూడా ఫలితమే. నేల మీద సరిచూడలేదని రాసి ఉన్న షీటుకు ఈ 32ను కూడా తక్కువగానే భావించండి.

మూడో పరీక్ష: తెలిసిన స్థాయితో పోల్చండి. అలాస్కా ఉత్తర తీరంలో కెనడా సరిహద్దు నుంచి ఐసీ కేప్ వరకు 1940ల నుంచి జరిగిన మార్పును యూఎస్‌జీఎస్ లెక్కగట్టింది. సగటు కోత ఏడాదికి సుమారు 1.4 మీటర్లు. మంచు ఎక్కువున్న మట్టి గట్ల దగ్గర ఇంతకు చాలా రెట్లుంటుంది, కొన్ని చోట్ల ఒడ్డు పెరిగింది కూడా. మీకు ఊరి ముందు ఏడాదికి పది మీటర్లు వస్తే సంబరపడే ముందు ఒకటి నుంచి ఏడు మెట్లు మళ్లీ తిరగేయండి. షిష్మారెఫ్, కివలీనాల ముందు 2000 తర్వాత బండరాళ్ల గోడలు వేశారు. అక్కడ పాత వేగం ఇప్పటికీ నడుస్తోందని రాయకూడదు.

9. ఊరు జరిగింది సరే, ఎందుకు జరిగింది?

మ్యాపు ఇది చెప్పదు. అందుకే ఈ మెట్టు దాటేయవద్దు.

పాయింట్ హోప్ పాత షీట్లలో, సముద్రంలోకి చొచ్చుకెళ్లిన నేల ముక్కు కొస దగ్గర ఉంటుంది, ఇప్పుడు దానికి తూర్పున ఉంది. కోత, తుఫాను వరదల వల్ల 1970ల్లో ఊరు ఊరంతా జరిగింది. కాక్టోవిక్ కూడా జరిగింది, 1947 నుంచి 1964 లోపు మూడుసార్లు. అయితే అక్కడ మొదటి కదలికకు కారణం సముద్రం కాదు. ఊరున్న చోట అమెరికా వైమానిక దళం రన్‌వే కట్టడం. రెండు షీట్లు పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. "సముద్రం మింగేసింది" అని రెండింటికీ రాసేస్తే కాక్టోవిక్ వాళ్లకు జరిగిన అన్యాయం చెరిపేసినట్టే. షిష్మారెఫ్ 2002లోనూ 2016లోనూ ఊరు మార్చుకోవాలని ఓటు వేసింది, అయినా ఊరు ఆ దీవి మీదే ఉంది. కాబట్టి ఊరి చరిత్ర కనీసం రెండు చోట్ల చదివి, ఆ తర్వాతే కారణం రాయండి.

నల్లటి చిన్న చతురస్రాలను లెక్కపెట్టి ఇళ్ల సంఖ్య చెప్పకండి. ఈ స్కేలులో అవి గుర్తులు. అసలు ఇంటి కంటే పెద్దవి, ఒకదాని మీద ఒకటి పడకుండా పక్కకు జరిపి వేసినవి. బడి, చర్చి గుర్తులు కొంత నమ్మదగినవి.

పాత షీట్ల మీద పాడుబడ్డ ఊళ్లు, సమాధుల గుర్తులు కూడా కనిపిస్తాయి. వాటి ఖచ్చితమైన స్థానాలను మీ మ్యాపులో అందరికీ కనిపించేలా పెట్టకండి. తవ్వి వస్తువులు అమ్ముకునేవాళ్లకు దారి చూపినట్టవుతుంది. అవి ఇప్పటికీ అక్కడ బతుకుతున్నవాళ్ల పూర్వీకులవి.

అలాస్కా కాకుండా వేరే తీరమైతే

కెనడా తీరానికి, అంటే టుక్టోయాక్టుక్ లాంటి ఊళ్లకు, జాతీయ టోపోగ్రాఫిక్ షీట్లు 1:50,000, 1:250,000 స్కేళ్లలో ఉన్నాయి. పాతవి న్యాడ్ 27లోనే ఉంటాయి కానీ అలాస్కా గ్రిడ్ పనికిరాదు, కెనడాది వాడాలి. రష్యా వైపు చుకోట్కాకు సోవియట్ సైనిక షీట్లున్నాయి. వాటి డేటమ్ పుల్కోవో 1942, ప్రొజెక్షన్ గౌస్-క్రూగర్. పైగా చుకోట్కా 180 డిగ్రీల రేఖాంశానికి రెండు వైపులా పరుచుకుని ఉంది కాబట్టి షీట్లు కలిపేటప్పుడు సగం మ్యాపు ప్రపంచానికి అటు చివరన పడుతుంది. స్థానిక యూటీఎం జోన్‌లోకి మార్చుకున్నాకే కలపండి.

ఉప్పాడ తీరం మీద సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లతో పనిచేస్తున్నవాళ్లు మూడో మెట్టు నుంచి తొమ్మిదో మెట్టు వరకు ఇలాగే చేయొచ్చు. న్యాడ్ 27 బదులు ఎవరెస్ట్ డేటమ్ వస్తుంది, ప్రమాణాల అంకెలు 1:50,000కు తగ్గట్టు మార్చుకోవాలి, ఉపగ్రహ చిత్రానికి వర్షాకాలం వదిలేయాలి.